ప్లాన్‌లో గీత, నేల మీద గోడ: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ఇంటి అనుమతులు, మాస్టర్ ప్లాన్ మార్పులు, పక్కవాళ్ల కట్టడాల గురించి హైదరాబాద్ చుట్టుపక్కల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. రాసినవారి పేర్లు తీసేసి ప్రాంతం మాత్రం ఉంచాం. కొలతలు 2012 ఏప్రిల్ 7 నాటి జీవో 168 ప్రకారం, అనుమతి గడువులు 2020 నాటి టీఎస్‌-బీపాస్ చట్టం ప్రకారం చెబుతున్నాం. దరఖాస్తు పెట్టే పోర్టల్ మాత్రం 2025 నుంచి బిల్డ్‌నౌ.

ప్రశ్న: మాకు 36 అడుగుల ముఖం, 50 అడుగుల లోతు ఉన్న 200 గజాల ప్లాటు ఉంది. ముందు 30 అడుగుల రోడ్డు. ఇన్‌స్టెంట్ పర్మిషన్ వస్తుంది, పెట్టిన రోజే చేతికొస్తుంది అంటున్నారు మా ఇంజినీరు. మాస్టర్ ప్లాన్‌లో ఈ రోడ్డు 40 అడుగులు, జాగ్రత్త అంటున్నారు పక్కింటాయన. అసలు ఎంత కట్టుకోవచ్చు? (ఉప్పల్)

ముందు పక్కింటాయన మాట తేల్చుకోండి. ఇంజినీరుగారి మాట ఆ తర్వాత. మాస్టర్ ప్లాన్‌లో 40 అడుగులని ఉంటే సెట్‌బ్యాక్‌లను, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీని, ఇప్పుడున్న ప్రహరీ నుంచి కొలవరు, రేపు రాబోయే రోడ్డు అంచు నుంచి కొలుస్తారు. 30 అడుగుల రోడ్డు 40 కావాలంటే మామూలుగా చెరో వైపు 5 అడుగులు పోతాయి. అంటే మీ లోతు 45 అడుగులే. 200 గజాలు 180 అవుతాయి.

180 గజాలంటే సుమారు 150 చదరపు మీటర్లు. 100 నుంచి 200 చదరపు మీటర్ల ప్లాటులో ఎత్తు 10 మీటర్ల దాకా వెళ్లవచ్చు. మీ రోడ్డుకు ముందు 1.5 మీటర్లు, మిగతా మూడు వైపులా ఒక్కో మీటరు వదలాలి. 36 అడుగుల్లో రెండు పక్కలా తీసేస్తే 29 అడుగుల 5 అంగుళాలు, 45 అడుగుల్లో ముందూ వెనకా తీసేస్తే 36 అడుగుల 9 అంగుళాలు మిగులుతాయి. అంతస్తుకు దాదాపు 1,080 చదరపు అడుగులు. రోడ్డు వెడల్పు చేసే ప్రతిపాదన లేకపోతే 1,230 వచ్చేది. ఎత్తు 10 మీటర్లు కాబట్టి గ్రౌండ్, దాని మీద రెండంతస్తులు వేసుకోవచ్చు. మెట్ల గది, నీళ్ల ట్యాంకు ఈ ఎత్తులోకి రావు. మూడో అంతస్తుకు చోటుందని ఎవరు చెప్పినా నమ్మవద్దు.

రోడ్డుకు పోయే 20 గజాలను గిఫ్ట్ డీడ్‌గా రిజిస్టర్ చేసి ఇవ్వాలి. డబ్బు ఇవ్వరు. దానికి బదులు టీడీఆర్, అంటే వేరేచోట అదనంగా కట్టుకునేందుకు బదిలీ చేయగల హక్కు, అడగవచ్చు. మాస్టర్ ప్లాన్ రోడ్డుకు ఇచ్చిన స్థలానికి 2017 డిసెంబరు జీవో 330 ప్రకారం 400 శాతం లెక్కన హక్కు పత్రం ఇస్తారు. దాన్ని పెద్ద బిల్డర్లకు అమ్ముకోవచ్చు. గిఫ్ట్ డీడ్ చేసి టీడీఆర్ అడగడం మరిచిపోయే వాళ్లే ఎక్కువ.

ఇక ఇన్‌స్టెంట్ మాట. 75 గజాల లోపు ప్లాటులో 7 మీటర్ల ఎత్తు మించకుండా కడితే అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. అక్కడి నుంచి 600 గజాల దాకా, 10 మీటర్ల ఎత్తు దాకా నివాస గృహాలకు స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వస్తుంది. అంతకన్నా పెద్దవి, ఎత్తయినవి సింగిల్ విండోలోకి వెళ్తాయి. అక్కడ 21 రోజుల్లో తేల్చాలి, తేల్చకపోతే అనుమతి వచ్చినట్టే లెక్క. ఇన్‌స్టెంట్‌లో వెనక జరిగేది చాలామందికి తెలియదు. అనుమతి చేతికొచ్చాక 21 రోజుల్లో అధికారులు కాగితాలు, స్థలం చూస్తారు. మీరు రాసిచ్చింది తప్పని తేలితే రద్దు చేస్తారు. రోడ్డు 40 అడుగులని తెలిసీ 30 అని రాస్తే సరిగ్గా ఇక్కడే దొరికిపోతారు. అనుమతి వచ్చిన మర్నాడే పునాదులు తవ్వే తొందర వద్దు. ఆ మూడు వారాలూ ఆగండి.

సిద్ధంగా పెట్టుకోవాల్సినవి: సేల్ డీడ్, లింక్ డాక్యుమెంట్లు, తాజా ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, తనఖాలు చూపే పత్రం), లేఔట్ కాపీ లేదా ఎల్‌ఆర్‌ఎస్ (లేఔట్ క్రమబద్ధీకరణ) ప్రొసీడింగ్స్, రోడ్డుతో సహా కనిపించే స్థలం ఫొటోలు. ప్లాటును టేపుతో నాలుగు వైపులా కొలిపించండి. దస్తావేజులో 36 అడుగులుండి నేల మీద 35న్నర తేలితే తక్కువదే లెక్క. ప్లాన్‌లో 36 గీయించి కడితే ఆ అరడుగు సెట్‌బ్యాక్‌లోంచి పోతుంది.

ఎక్కువ ఇళ్లు తప్పేది మార్కింగ్ రోజున. మేస్త్రి దారం లాగేది కాలమ్ మధ్య గీతకు. సెట్‌బ్యాక్ కొలిచేది గోడ బయటి ముఖానికి. 9 అంగుళాల కాలమ్‌లో సగం, అంటే నాలుగున్నర అంగుళాలు బయటికి వస్తుంది, పైన ప్లాస్టరింగ్ మరో అంగుళం దాకా ఉంటుంది. పక్క సెట్‌బ్యాక్‌లో 10 శాతం వరకు తేడాను జరిమానాతో మన్నించే వీలుంది కానీ మీటరులో 10 శాతం అంటే 10 సెంటీమీటర్లు, నాలుగు అంగుళాలే. మార్కింగ్‌లో జరిగిన ఆ ఒక్క పొరపాటే మొత్తం వెసులుబాటును మింగేసి ఇంకా ముందుకు పోతుంది. ముందు సెట్‌బ్యాక్‌కు ఆ వెసులుబాటు కూడా లేదు. దారం లాగేటప్పుడు ఇంజినీరును దగ్గరుంచుకుని ‘బయటి ముఖం ఎక్కడొస్తుంది’ అని అడగండి.

10 మీటర్ల ఎత్తుకు వెళ్తే కట్టే విస్తీర్ణంలో 10 శాతాన్ని కార్పొరేషన్ పేర తనఖా పెట్టాలి. ఓసీ (ఇల్లు పూర్తయ్యాక ఇచ్చే నివాసయోగ్యతా పత్రం) వచ్చాక విడుదల చేస్తారు. మీ సైజు ప్లాటులో 7 మీటర్ల లోపు, అంటే గ్రౌండ్ మీద ఒక్క అంతస్తుతో ఆపితే తనఖా ఉండదు.

ప్రశ్న: మా కాలనీని ఆనుకుని ఉన్న పొలాన్ని కన్జర్వేషన్ జోన్ నుంచి మాన్యుఫాక్చరింగ్ జోన్‌కి మారుస్తున్నట్టు పేపర్లో నోటీసు పడింది. గోదాములు వస్తాయంటున్నారు. మమ్మల్ని పిలిచి అడుగుతారా? ఎక్కడికి వెళ్లి చెప్పుకోవాలి? (ఘట్‌కేసర్)

పిలవరు. ఊరివాళ్లను కూర్చోబెట్టి ఒక్కో ప్రతిపాదన మీద బహిరంగంగా వినే పద్ధతి ఇక్కడ లేదు. ఫైలు హెచ్‌ఎండీఏలో (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థలో) నడుస్తుంది, అక్కడి సిఫారసు మీద పురపాలక శాఖ జీవో ఇస్తుంది. ఆ రెండింటి మధ్య మీకున్న తలుపు పేపర్లో పడిన ఆ నోటీసు ఒక్కటే. అందులో రాసిన గడువులోగా మీ అభ్యంతరం లిఖితంగా చేరాలి. గడువు దాటాక వందమంది వెళ్లి మొర పెట్టుకున్నా ఫైల్లో ఒక్క కాగితం చేరదు.

నోటీసును కత్తిరించి పెట్టుకోండి. అందులో సర్వే నంబర్లు, గ్రామం, మండలం, విస్తీర్ణం, నాలుగు దిక్కుల హద్దులు ఉంటాయి. తప్పులు దొరికేది హద్దుల్లోనే. తూర్పున ‘ఖాళీ భూమి’ అని రాసి ఉండి అక్కడ మీ కాలనీ ఉందనుకోండి, మీ మొదటి అభ్యంతరం అదే. లేఔట్ కాపీ, ఆస్తి పన్ను రసీదులు, ఇళ్లు కనిపించే ఫొటోలు జతపరచండి.

రెండోది రోడ్డు. నోటీసులో స్థలానికి ఫలానా వెడల్పు రోడ్డు ఉందని రాస్తారు. మెయిన్ రోడ్డు నుంచి ఆ స్థలం దాకా ఏ చోట ఎంత ఉందో మీరే కొలవండి. గోదాములంటే పెద్ద లారీలు. మధ్యలో ఒక్కచోట 20 అడుగులకు కుంచించుకుపోయినా ఆ చోటు, ఆ కొలత, ఫొటో రాయండి. దగ్గర్లో బడి ఉంటే గేటు నుంచి దూరం మీటర్లలో రాయండి.

మూడోది నీళ్లు. 2013 జనవరిలో వచ్చిన మాస్టర్ ప్లాన్ 2031లో ఆ సర్వే నంబర్ల మీదుగా వాగు గానీ, కుంట గానీ, ప్రతిపాదిత రోడ్డు గానీ పోతున్నాయేమో చూడండి. గ్రామ నక్షాలో వాగు ఉండి నోటీసులో దాని ఊసు లేకపోతే అది బలమైన అభ్యంతరం. ఆ అంశాన్ని నీటిపారుదల శాఖకు కూడా విడిగా రాయండి.

‘మా ప్రశాంతత పోతుంది’, ‘మా స్థలాల ధర పడిపోతుంది’ లాంటి వాక్యాలు ఉత్తరం నిండా ఉంటే ఆ ఉత్తరం ‘సాధారణ అభ్యంతరం’ కింద మూల పడుతుంది. సర్వే నంబరు, కొలత, పటం ఉన్న పేరాను ఏ అధికారీ దాటవేయలేరు, దానికి ఫైల్లో జవాబు రాయక తప్పదు. పూర్తిగా వద్దనడంతో ఆగకుండా, ఇచ్చేట్టయితే ఏ షరతులుండాలో కూడా చెప్పండి: కాలనీ వైపు చెట్ల పట్టీ, లారీల రాకపోకలకు కాలనీ రోడ్డు కాకుండా వేరే దారి, వాన నీటికి సొంత కాలువ. షరతులతో జీవో ఇవ్వడం మామూలే. షరతు తప్పితే మార్పును ఉపసంహరించే అధికారం ప్రభుత్వానికి ఉంటుంది. రేపు మీ చేతిలో ఉండే ఆయుధం అది.

అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద ఒకటి, వీలైనన్ని ఇళ్ల నుంచి విడివిడిగా ఇంకొన్ని ఇవ్వండి. ఇన్‌వార్డ్‌లో ఇచ్చి రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపండి. నెల తర్వాత సమాచార హక్కు కింద 10 రూపాయలు కట్టి, మీ అభ్యంతరాలపై ఫైల్లో ఏం రాశారో నోట్‌షీట్ కాపీలు అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. మార్పు జరిగిపోయి కోర్టుకు వెళ్లాల్సి వస్తే, మీరు లేవనెత్తిన అంశాన్ని పరిశీలించారా లేదా అన్నదే అక్కడ మొదటి ప్రశ్న అవుతుంది.

ఒక అదనపు మాట. అక్కడ కట్టే గోదాములు 20,000 చదరపు మీటర్లు దాటితే పర్యావరణ అనుమతి వ్యవహారం కూడా వస్తుంది. అప్పుడైనా ప్రజాభిప్రాయ సేకరణ పెడతారని ఎదురుచూడకండి. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ భవన నిర్మాణాలను ఆ ప్రక్రియ నుంచి మినహాయించింది. దరఖాస్తు, అనుమతి కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో కనిపిస్తాయి. అనుమతిపై గ్రీన్ ట్రైబ్యునల్‌కు వెళ్లాలంటే 30 రోజుల్లో అప్పీలు వేయాలి. తగిన కారణం చూపిస్తే మరో 60 రోజుల వరకు అనుమతిస్తారు.

ప్రశ్న: చెరువుకు దగ్గర్లో 150 గజాల ప్లాటు బేరానికి వచ్చింది. పట్టా భూమి, రిజిస్ట్రేషన్ అవుతుంది, బ్యాంకు లోను కూడా ఇస్తానంటోంది. నీళ్లు ప్లాటుకు 200 అడుగుల దూరంలో ఉన్నాయి. తీసుకోవచ్చా? (నిజాంపేట)

నీళ్లు ఎప్పుడు చూశారు? ఏప్రిల్‌లో చూస్తే ఆ 200 అడుగులకు విలువ లేదు. కొలత మొదలయ్యేది ఆరోజు నీళ్లున్న చోటి నుంచి కాదు, ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్) గీత నుంచి. అలుగు మట్టానికి చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో అది ఎఫ్‌టీఎల్. ఆ గీత దాటాక, చెరువు విస్తీర్ణం 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, లేదా అంతకన్నా ఎక్కువైతే 30 మీటర్లు, తక్కువైతే 9 మీటర్లు బఫర్. ఈ రెండింట్లోనూ ఇల్లు కట్టనివ్వరు. చెరువు సంగతే కాదు, నాలానూ చూడండి. 10 మీటర్లకన్నా వెడల్పైన నాలా, వాగు, వాన నీటి కాలువలకు అంచు నుంచి 9 మీటర్లు, అంతకు తక్కువ వెడల్పు వాటికి 2 మీటర్లు. 150 గజాల ప్లాటులో 9 మీటర్లు పోతే మిగిలేది సందు.

పట్టా ఉంది కదా అన్న ధీమా వద్దు. చెరువుల్లో శిఖం పట్టాలు, అంటే చెరువు గర్భంలోని భూమికి ఉన్న పట్టాలు, బోలెడు. హక్కు మీదే అయినా కట్టే హక్కు రాదు. రిజిస్ట్రేషన్ శాఖ చూసేది నిషేధిత జాబితాలో ఉందా లేదా అన్నంత వరకే. బ్యాంకు చూసేది దాని అప్పు వసూలు.

హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో ఒక్కో చెరువుకు ఎఫ్‌టీఎల్ పటం, సర్వే నంబర్లు ఉంటాయి. ప్రాథమిక నోటిఫికేషన్, తుది నోటిఫికేషన్ అని రెండు రకాలు. ప్రాథమికం మాత్రమే అయి ఉంటే గీత జరిగే అవకాశం ఉంది. మీ సర్వే నంబరు ఆ జాబితాలో లేకపోయినా పక్క నంబరు ఉంటే ఆగండి. నీటిపారుదల, రెవెన్యూ శాఖల ఎన్‌ఓసీని (అభ్యంతరం లేదన్న పత్రాన్ని) అమ్మేవారినే తెమ్మనండి. తెచ్చాకే బయానా ఇవ్వండి. తేలేనంటే జవాబు దొరికినట్టే.

కూల్చివేతల గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఇల్లు కూల్చే ముందు 15 రోజుల నోటీసు ఇవ్వాలి. కానీ రోడ్డు, ఫుట్‌పాత్, రైల్వే లైను, నదులు, నీటి వనరుల మీద కట్టినవాటికి ఆ రక్షణ వర్తించదని అదే తీర్పులో ఉంది.

ప్రశ్న: పక్క ప్లాటులో గ్రౌండ్ ప్లస్ టూకి పర్మిషన్ తీసుకుని నాలుగో శ్లాబుకు సెంట్రింగ్ కొడుతున్నారు. మా గోడకు, వాళ్ల గోడకు మధ్య చెయ్యి పట్టడం లేదు. ఫిర్యాదు చేస్తే ఏమైనా జరుగుతుందా? (కుత్బుల్లాపూర్)

శ్లాబు పడకముందు చేస్తే జరుగుతుంది. పడ్డాక కష్టం, జనం చేరాక మరీ కష్టం. కాబట్టి ఈ వారంలోనే కదలండి.

ప్లాటు యజమాని పేరు, అనుమతి నంబరు సైటు ముందు బోర్డు మీద ఉండాలి. ఉంటే ఫొటో తీయండి. ఆ నంబరుతో పోర్టల్‌లో ఎన్ని అంతస్తులకు అనుమతి ఇచ్చారో తెలుస్తుంది. మీ స్థలంలో నిలబడి టేపు పట్టి రెండు గోడల మధ్య దూరం కనిపించేలా ఫొటో, సెంట్రింగ్ కనిపించేలా వీధిలోంచి ఇంకో ఫొటో తీయండి. ఫిర్యాదులో మూడు వాక్యాలు చాలు: అనుమతి ఇన్ని అంతస్తులకు, కడుతున్నది ఇన్ని, వదలాల్సింది మీటరు, వదిలింది ఇంత, ఫలానా తేదీన శ్లాబు వేయబోతున్నారు. మిగతా గొడవలు, పాత తగాదాలు అందులో రాయకండి. రాస్తే ‘ఇరుగుపొరుగు వివాదం, సివిల్ కోర్టుకు వెళ్లండి’ అని తిప్పి పంపడానికి సాకు దొరుకుతుంది.

సర్కిల్ ఆఫీసులో టౌన్ ప్లానింగ్ ఏసీపీకి (అసిస్టెంట్ సిటీ ప్లానర్‌కు) ఒకటి, జోనల్ కమిషనర్‌కు ఒకటి ఇవ్వండి. సోమవారం ప్రజావాణిలో మళ్లీ ఇవ్వండి. టోకెన్ నంబరు లేకుండా ఏ ఆఫీసు మెట్లూ దిగవద్దు. స్వీయ ధ్రువీకరణకు విరుద్ధంగా కట్టినదాన్ని నోటీసు లేకుండానే తొలగించే అధికారం టీఎస్‌-బీపాస్ చట్టంలో ఉన్నా, ఆచరణలో ముందు షోకాజ్, తర్వాత స్పీకింగ్ ఆర్డర్ (కారణాలు రాసిన ఉత్తర్వు), ఆ తర్వాతే పని. ఈలోగా కట్టేవారు కోర్టుకు వెళ్లి స్టే తెచ్చుకుంటారు. మీకు తెలియకుండా ఏకపక్షంగా స్టే రాకుండా సివిల్ ప్రొసీజర్ కోడ్ 148-ఏ కింద కేవియట్ వేసుకోవచ్చు. 90 రోజులు పనిచేస్తుంది. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

‘ఆస్తి పన్ను కడుతున్నాం, కాబట్టి సక్రమమే’ అన్న వాదన మీకు ఎదురవుతుంది. అక్రమ అంతస్తులకు పన్నుతో పాటు 25 నుంచి 100 శాతం దాకా అదనంగా వసూలు చేస్తారు. అది జరిమానాయే, అనుమతి కాదు.

ప్రశ్న: మా ఇంటి పక్కన రెండు సెల్లార్ల లోతు గొయ్యి తవ్వి, వానలు మొదలయ్యేసరికి పని ఆపేశారు. మా ప్రహరీ బీటలు వారింది. (మణికొండ)

ఆగిన గొయ్యే అన్నిటికన్నా ప్రమాదం. మన దగ్గర పైన మొరం, కింద రాయి. వాన నీళ్లు మొరంలోకి దిగి రాతి మీద పారుతాయి. ఆ జారుడు మీద పైనున్న మట్టి పలకగా ఊడి వస్తుంది. నిలువుగా కోసిన అంచు ఎండాకాలం బాగానే నిలబడి మొదటి పెద్ద వానకు కూలిపోవడానికి కారణం ఇది.

1,000 చదరపు మీటర్ల లోపు ప్లాటులో సెల్లార్‌కు హద్దు నుంచి కనీసం 1.5 మీటర్లు, 2,000 దాకా 2 మీటర్లు, ఆ పైన 3 మీటర్లు వదలాలి. కింద మరో సెల్లార్ ఉంటే ఇంకో అర మీటరు. ముందు ఆ దూరం కొలవండి. తవ్విన మట్టి అంచు మీదే పోసి ఉంటే అదీ ఫొటో తీయండి. అంచుకు కనీసం 1.5 మీటర్ల అవతల ఉండాలి. లేకపోతే ఆ బరువే గట్టును తోస్తుంది.

మీ బీటల విషయం: ప్రతి బీట రెండు కొసల దగ్గరా పెన్సిల్ గీత గీసి తేదీ రాయండి. మధ్యలో అడ్డంగా చిన్న అద్దం ముక్కను సిమెంటుతో అతికించండి. అద్దం పగిలితే గోడ ఇంకా కదులుతోందని అర్థం. ప్రహరీ దాటి ఇంటి గోడలో, ముఖ్యంగా కిటికీ మూలల నుంచి ఏటవాలుగా బీట వస్తే ఆ వైపు గదులు ఖాళీ చేసి, అదే రోజు టౌన్ ప్లానింగ్‌కు, పోలీస్ స్టేషన్‌కు రాసివ్వండి.

వాళ్లను అడగాల్సింది ‘పని ఆపండి’ అని కాదు. గట్టుకు సాయిల్ నెయిలింగ్ చేసి, అంటే మట్టిలోకి ఇనుప కడ్డీలు దించి, కాంక్రీటు స్ప్రే చేయమని గానీ, రిటైనింగ్ వాల్ వెంటనే లేపమని గానీ, అదీ కుదరకపోతే మీ వైపు మట్టి తిరిగి నింపమని గానీ అడగండి. నిలిచిన నీళ్లు మోటారుతో తోడాలి, కానీ ఒక్కసారిగా కాదు. అప్పటిదాకా గట్టుకు నీళ్లే కొంత ఆనికగా ఉంటాయి. గంటల్లో ఖాళీ చేస్తే తడిసిన మట్టి నిలవలేక జారుతుంది. వానాకాలంలో సెల్లార్ తవ్వకాలు వద్దని జీహెచ్‌ఎంసీ ఏటా చెబుతూనే ఉంటుంది, ఆ ఆదేశాన్ని కూడా ఫిర్యాదులో ఉటంకించండి.

ప్రశ్న: కొత్త అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ చూశాం. 20 శాతం కట్టి బుక్ చేసుకోమంటున్నారు. ఏ కాగితాలు అడగాలి? (మియాపూర్)

500 చదరపు మీటర్లు దాటిన స్థలం గానీ, 8 కన్నా ఎక్కువ ఫ్లాట్లు గానీ ఉంటే రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు తప్పనిసరి. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా 10 శాతం మించి తీసుకోకూడదు, చట్టంలో సెక్షన్ 13 చూపించండి.

ఎక్కువమంది అడగని కాగితం తనఖా పత్రం. పైన చెప్పిన 10 శాతం తనఖాలో ఏయే ఫ్లాట్లు కార్పొరేషన్ పేర ఉన్నాయో నంబర్లతో సహా ఉంటుంది. ప్రాజెక్టు స్థలం మీద ఈసీ తీయిస్తే కనబడుతుంది. మీరు చూసిన ఫ్లాట్ నంబరు అందులో ఉంటే ఓసీ వచ్చి విడుదలయ్యేదాకా దాని రిజిస్ట్రేషన్ జరగదు. ‘చివర్లో మిగిలిన ఫ్లాట్, తక్కువకిస్తాం’ అంటే మొదట చూడాల్సింది ఇదే.

రెరా సైట్‌లోని ప్లాన్‌ను బ్రోచర్ పక్కన పెట్టి అంతస్తులు లెక్కపెట్టండి. బ్రోచర్‌లో పెంట్‌హౌస్ ఉండి ప్లాన్‌లో లేకపోతే దానికి ఓసీ రాదు. ప్లాన్ మార్చాలంటే కొన్నవాళ్లలో మూడింట రెండు వంతుల మంది రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. భవనం 18 మీటర్లు దాటితే అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ కూడా ఉండాలి.

ప్రశ్న: చార్మినార్‌కు సుమారు 150 మీటర్ల దూరంలో మా తాతగారి ఇల్లుంది. పైన ఒక అంతస్తు వేసుకోవచ్చా? (పాతబస్తీ)

కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆ తర్వాత 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. మీది 150 అంటున్నారు కాబట్టి కార్పొరేషన్ అనుమతికన్నా ముందు జాతీయ స్మారకాల ప్రాధికార సంస్థ ఎన్‌ఓసీ కావాలి. మరమ్మతుకూ కావాలి. కాకపోతే దూరాన్ని మీ గడప నుంచి సరాసరి చార్మినార్ గోడకు కొలవరు, దాని రక్షిత హద్దు నుంచి కొలుస్తారు. మీరు 150 అనుకున్నది అక్కడ 110 కావచ్చు, 95 కూడా కావచ్చు. ముందు ఆ కొలత తేలాలి, డ్రాయింగ్‌కు డబ్బు అప్పుడు పెట్టండి.

ప్రశ్న: ఇంటి ముందు 11 కేవీ లైను పోతోంది. మొదటి అంతస్తులో బాల్కనీ ఎంత బయటికి తీయవచ్చు? (సైదాబాద్)

తీగకు, బాల్కనీ కొసకు అడ్డంగా కనీసం 1.2 మీటర్లు, తీగ మీ శ్లాబు పైనుంచి పోతుంటే నిలువుగా 3.7 మీటర్లు ఉండాలి. 33 కేవీ అయితే అడ్డంగా 2 మీటర్లు. ఈ కొలత తీగ నిశ్చలంగా ఉన్నప్పటిది కాదు, గాలికి మీ వైపు పూర్తిగా ఊగినప్పటిది. స్తంభం దగ్గర కొలిచి సరిపోయిందనుకోకండి, రెండు స్తంభాల మధ్య తీగ సాగి కిందికి దిగుతుంది, ఊగేదీ అక్కడే ఎక్కువ. కొలిచే పని లైన్‌మన్‌తోనే చేయించండి, ఇనుప టేపు పట్టుకుని మీరు డాబా ఎక్కవద్దు. దూరం చాలకపోతే డిస్కమ్‌కు (విద్యుత్ పంపిణీ సంస్థకు) దరఖాస్తు పెట్టి, మీ ఖర్చుతో లైను జరిపించడమో, తొడుగున్న కేబుల్ వేయించడమో కుదురుతుందేమో అడగండి. శ్లాబు ఇనుము కట్టకముందే అడగండి. 12 మీటర్ల కడ్డీలు పైకి లాగేటప్పుడే ఎక్కువ ప్రాణాలు పోతున్నాయి. ఆ ఒక్కరోజు లైను ఆపించుకోవడానికి ముందుగా రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.